తీతువు గూటి దగ్గర గుంజ

టీ కోసం పెట్టిన సమోవార్ ఇంకా మరగనేలేదు. రౌషన్ అప్పటికే గుమ్మం దాకా ఎన్నిసార్లు వెళ్లి వచ్చిందో. ఊరవతల గుట్ట వాలున ఉన్న గూడు మీదే ఆమె ప్రాణమంతా. పిట్టల లెక్క రాసుకునే ఆమెకు ఈ వసంతంలో ఎంత వెతికినా కనబడిన తీతువు గూడు అదొక్కటే. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చేదాకా మందను అటు తోలకుండా ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది ఆమే. కానీ మా ఊళ్లో మందను వంతులవారీగా కాస్తారు, ఆ రోజు వంతు సపర్‌ది.

“అత్తయ్యా, సపర్ బాబాయ్ గుర్రం మీదే నిద్రపోతాడు. ఒక్కసారి చూసొస్తాను.”

“రొట్టెలెవరు కాలుస్తారు? మెడలో ఆ గొట్టాలేసుకుని పొద్దున్నే ఎక్కడికి?”

గొట్టాలంటే బైనాక్యులర్స్. అవి కోడలి మెడలో కనబడితే చాలు, అత్త కుల్పాష్‌కి ఒళ్లు మండుతుంది. “నీ పిట్టకేమీ కాదులే. కూర్చుని పిండి కలుపు.”

అంత ధీమా ఎక్కడిదని అడగాలని రౌషన్‌కి తోచలేదు. అత్తలకు ధీమా పుట్టుకతోనే వస్తుందనుకుంది. పిండి కలిపింది, రొట్టెలు కాల్చింది, రెండు మాడ్చింది. ఇక ఉండబట్టలేక గుట్టకేసి పరుగెత్తింది.

గూటి పక్కన ఎవరో గుంజ పాతారు. దాని కొసకు తెల్లటి తలగుడ్డ కట్టి ఉంది. చెట్టన్నదే లేని మైదానం మాది. నిలువుగా ఏది కనబడినా పశువులు దురద తీర్చుకోవడానికి అక్కడికే చేరతాయి. ఒక ఎర్రావు గుంజకు మెడ రాసుకుంటోంది. దాని కాళ్ల కింద గుడ్లు నలిగిపోయాయి. తీతువుల జంట పైన తిరుగుతూ ఒకటే అరుపు. నీలం కుట్టున్న ఆ తలగుడ్డ ఎవరిదో రౌషన్‌కి తెలుసు.

ఇంటికొచ్చి దాన్ని అత్త ముందు పడేసింది. “నా మీద కోపముంటే నన్ను తిట్టండి. గూడెక్కడుందో పశువులకి చూపించాలా?”

కుల్పాష్ టీ గిన్నె కింద పెట్టింది. “పశువులకి కాదే, సపర్‌కి. కళ్లు తెరిచినప్పుడైనా కనబడుతుందని తెల్లారగట్ల వెళ్లి పాతొచ్చా.”

“నాకు చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను? ఇన్నాళ్లూ పిట్టల పిచ్చిదని నిన్ను ఆడిపోసుకుని...” ఆవిడ తలగుడ్డను ఒళ్లోకి తీసుకుంది. “ఊరందరి ముందూ నీ మాట పోకూడదనుకున్నా. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పశువులతోనే ఉన్నా. గుంజ కనబడితే ఆవులేం చేస్తాయో నాకు తెలీదా? బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో.”

గుడ్ల కోసం మొదలైన రౌషన్ ఏడుపు, తానన్న మాటలు గుర్తొచ్చి ఎక్కువైంది. అత్త పక్కనే కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కొన్నాళ్లకు ఆ జంట గుట్టకు ఇవతల మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి గుంజ లేదు. వంతు ఎవరిదైనా సరే, మంద కదిలే వేళకు కుల్పాష్ కంబళి చంకన పెట్టుకుని వెళ్లి, గూటికి ఎడంగా కూర్చునేది. అటొచ్చిన ఆవునల్లా తిట్టేది, సపర్‌ని ఇంకాస్త ఎక్కువ తిట్టేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ రొప్పుతూ గుమ్మంలో నిలబడింది.

“సుయున్షి, కోడలా.”

శుభవార్త తెచ్చినవాళ్లు ఆ మాటంటే, వినేముందు వాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాల్సిందే. రౌషన్ ఇల్లంతా చూసింది. తర్వాత తన మెడలోని బైనాక్యులర్స్ తీసి అత్త మెడలో వేసింది.

కుల్పాష్ వాటిని తలగుడ్డ కొసతో తుడిచింది.

“నాలుగు పిల్లలు. నడువు, లెక్క రాసుకుందువు గాని. ఈ గొట్టాల్లో ఎటువైపు నుంచి చూడాలో దారిలో చెప్పు.”