చెట్టులో లేని కొమ్మ

"పిస్టల్ వద్దు. పెన్సిల్ పట్టుకెళ్లు," అన్నాడు కర్నల్ ఒరాజ్.

ఏజెంట్ బేబూత్‌కి ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా సరిహద్దులు దాటాడు, గోడలు దూకాడు. ఇప్పుడు ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాష చదవాలట!

"కొండ మీద మంచు కరిగి సరస్సు నిండుతోంది. నీరు రెండు మీటర్లు పెరిగితే మట్టిగట్టు ఎప్పుడైనా తెగొచ్చు, ఆ క్షణమే కంప్యూటర్ సైరన్ మోగించాలి. ఆ ప్రోగ్రాంలో విదేశీ ముఠా వేలు పెట్టిందని కబురు."

"కింద లోయలో పిల్లల శిబిరం ఉంది సార్. మా అమ్మాయి అసెల్ అక్కడే ఉంది. ముందు ఖాళీ చేయించండి."

"రుజువు లేందే మంత్రిగారు కదలరు. శిబిరం ఫోను రెండ్రోజులుగా మూగపోయింది. సైరన్‌కి చేతిమీట ఉండేది, రాగి కోసం ఎవడో కోసుకుపోయాడు."

థూ, అనుకున్నాడు బేబూత్.

అల్మాటీ పైన కొండల్లో, హెచ్చరిక కేంద్రానికి మధ్యాహ్నం రెండింటికి చేరాడు. కరెంటు మీటర్లు చూసేవాడి వేషం. ఎండకి జిగురు కరిగి మీసం జారుతోంది. గదినిండా పాత గొర్రెకొవ్వు కంపు. ముప్ఫై ఏళ్ల కిందట ఆ ప్రోగ్రాం రాసిన ఉల్జాన్ అపాయ్ అతని ముందు గిన్నె అంచుదాకా టీ పోసింది. ఆ కొండల్లో సగం పోస్తే కూర్చోమని, నిండా పోస్తే ఇక వెళ్లమని. అపాయ్ అంటే పెద్దావిడ అనే అర్థం గానీ, ఆ చూపులో ఉన్నది మాత్రం మన తెలుగు అపాయమే.

"మీటరు చూశావుగా, వెళ్లిరా నాయనా. మీసం మర్చిపోకు, టీలో పడింది."

బేబూత్ నిజం చెప్పేశాడు.

"నాకు చెప్పరేం ఆగా, అన్నగారూ!" పక్క కుర్చీలోంచి రౌషన్ నవ్వింది. తెల్ల సూటు, ఎర్ర పెదాలు. కర్నల్ ఆఫీసు మనిషే. నెల కిందట విదేశాల నుంచి స్టాటిక్ అనాలిసిస్ టూల్ తెచ్చింది. అది ప్రోగ్రాంని నడపకుండానే చదివి తప్పులు పడుతుంది, ఏ సబ్‌రూటీన్, అంటే ఏ చిన్న ముక్క, ఏ ముక్కని పిలుస్తుందో చెట్టులా గీస్తుంది. "చూడండి, ఆకు ఆకూ పచ్చగా ఉంది. శుభ్రమని సంతకం కూడా పెట్టాను."

"ఈ చెట్టుని ప్రతి సోమవారం నేనే పెన్సిల్‌తో గీసేదాన్ని. ఈ పిల్ల వచ్చాక మాన్పించారు," అంది అపాయ్.

బేబూత్ జేబులోంచి పెన్సిల్ తీశాడు.

వాల్‌పేపర్ చుట్ట వెనక్కి తిప్పి నేలమీద పరిచారు. ఆవిడ చదివింది, అతను గీశాడు. ఆ కోడులో గోటూ అంటే ఇంకో వరసకి దూకమని. ప్రతి గోటూ ఒక గొయ్యి. ఒకదాంట్లోంచి లేస్తే ఇంకోదాంట్లో పడటమే. నాలుగవుతుండగా లెక్కపెట్టారు. కాగితం మీద రెండొందల పన్నెండు కొమ్మలు. తెరమీద రెండొందల పదకొండు.

"ఇదిగో దొంగకొమ్మ!" అంది అపాయ్. "దీనికి రెండు అనే అంకెని అప్పగిస్తున్నారు. ఇది ఆ అంకె దాచిన చోటికే వెళ్లి తొమ్మిది అని రాస్తోంది. కోడుని యంత్రభాషలోకి మార్చే మా ముసలి కంపైలర్ అడ్డుపడదు. ఇక ఈ ప్రోగ్రాంలో ఎక్కడ రెండున్నా తొమ్మిదే!"

"తొమ్మిది మీటర్లకి సైరనా? సరస్సు గట్టే ఆరు మీటర్లు కదా!"

"అందుకే నా టూల్‌కి ఆ కొమ్మ కనబడకుండా చేశాను," అంది రౌషన్. చేతిలో లిప్‌స్టిక్. లిప్‌స్టిక్ కాదు, తుపాకీ. "పాత సైరన్ పరువు పోతేనే కదా మావాళ్ల కొత్త సైరన్లు కొనేది."

"కింద ఉన్నది పిల్లలే, పాపిష్టిదానా!" అరిచాడు బేబూత్.

"పిల్లలైతేనే తొందరగా కొంటారు."



"పోనీలే అమ్మా, టీ తాగు," అంటూ అపాయ్ టీ కాచే సమోవార్ కుళాయి తిప్పి, పొగలు కక్కే గిన్నె అంచుదాకా నింపి, రౌషన్ మణికట్టు మీద కుమ్మరించింది. తుపాకీ ఎగిరిపడింది. బేబూత్ ఆమెని కుర్చీకి కట్టేశాడు.

అపాయ్ ఆ దొంగకొమ్మని పిలిచే వరసకి మొదటి గడిలో C అక్షరం కొట్టింది. ఇక కంపైలర్ దాన్ని వ్యాఖ్య అనుకుని దాటిపోతుంది. కంపైల్ అవడానికి పదకొండు నిమిషాలు. నీటిమట్టం ఒకటి పాయింట్ ఎనిమిది. ఒకటి పాయింట్ తొమ్మిది. ఒకటి పాయింట్ తొంభైతొమ్మిది. ప్రోగ్రాం మొదలైంది.

రెండు.

సైరన్ ఊళేసింది. బేబూత్ బైనాక్యులర్స్‌లో శిబిరం పిల్లల ఎర్రటోపీల వరస మిట్టెక్కడం చూశాడు. చివరి టోపీ అసెల్‌ది, ఎప్పట్లాగే ఆలస్యం. ఆమె వెనకే బురద వచ్చి వంటశాలని మింగేసింది.

అపాయ్ అతని ముందు గిన్నె పెట్టి, సగం మాత్రమే పోసింది. పరమ చెత్త టీ.

బేబూత్ ఐదుసార్లు పోయించుకున్నాడు.