ఏడూ ఒకటీ

పదకొండు గంటలకి ప్లానింగ్ ఇంజినీర్ చనిపోయాడు. కాఫీ కప్పు ఇంకా సగం నిండుగానే ఉంది. కుడిచెయ్యి మౌస్ మీదే ఉంది. అంతకు రెండు నిమిషాల ముందు అతను ఒక రహస్య నంబరుకి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పాడు. "ఎనిమిది బ్రేకుల్లో ఒకటి."

పదకొండుంబావుకి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సూది కారు దిగింది. మెడలో సాఫ్ట్‌వేర్ ట్రైనర్ కార్డు, భుజాన ల్యాప్‌టాప్, చేతిలో స్టీలు ఫ్లాస్కు. సన్నగా ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది కాబట్టి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు సూది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఫ్లాస్కులో కాఫీ పొద్దున్నే మొగుడు కలిపిచ్చింది. ఆ మూతలో రేడియో ఉందని అతనికి తెలియదు. పెళ్ళాం నిజంగానే ట్రైనర్ అని అతని నమ్మకం.

ఫోన్ మోగింది. చీఫ్.

"వాన పడేలా ఉందా?"

"గొడుగు ఇంట్లో మర్చిపోయాను."

"అయితే విను. పన్నెండుంబావుకి రోప్‌వే ప్రారంభం. రెండు దేశాల ప్రతినిధులు ఒకే కేబిన్‌లో లోయ దాటి, అవతలి కొండ మీద శాంతి ఒప్పందానికి సంతకం పెడతారు. ఎనిమిది కేబిన్లు, ఎనిమిది బ్రేకులు. అన్నీ నువ్వున్న చోట బిగించినవే. అందులో ఒకటి పట్టకుండా చేశారు."

"ఆపించేయండి సార్."

"ఆపితే వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఒప్పందం చెడగొట్టాలని చూస్తున్న ముఠాకి కావలసిందీ అదే. ఏ కేబినో చెప్పు, దాన్ని పక్కన పెట్టిస్తా. ఇంకోటమ్మా. వాళ్ళతో దుబాసీ కూడా ఎక్కుతాడు."

ఆ దుబాసీ సూది మొగుడే. పొద్దున రెండు టైలు పట్టుకొచ్చి ఏది బాగుందని అడిగాడు. నీలంది తనే కట్టింది. ముడి కుదరలేదని మూడుసార్లు విప్పి కట్టింది. నిజానికి మొదటిసారే కుదిరింది.

ప్లానింగ్ గదిలో కన్సల్టెంట్ ఎదురుచూస్తోంది. ముత్యాల దుద్దులు, పచ్చ సిల్కు చొక్కా, గుమ్మం దాకా వచ్చే సెంటు వాసన. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసే మనిషి.

"ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్‌డూ ఉందా?" సూది అడిగింది.

"పెళ్ళికి తప్ప అన్నిటికీ ఉంది."

కోడ్ సరిపోయింది. కన్సల్టెంట్ స్క్రీన్ మీద బిల్ ఆఫ్ మెటీరియల్స్ తెరిచింది, ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే లిస్టు. డిజైన్ వాళ్ళ లిస్టులో ఒకటే వరస: బ్రేక్ అసెంబ్లీ, ఎనిమిది. తయారీ లిస్టులో మాత్రం అదే వరస రెండుగా విడిపోయి ఉంది. షాపులో బ్రేకులు బిగించే మొదటి స్టేషన్‌కి ఏడు. రెండో స్టేషన్‌కి ఒకటి.

"ఒక్కదాన్నే విడగొట్టి వేరే చోట ఎందుకు బిగిస్తారు?" కన్సల్టెంట్ నవ్వింది. "స్ప్రింగు మార్చడానికి. ఎనిమిదో కేబిన్."

సూది వెంటనే చీఫ్‌కి చెప్పింది.

"మంచిది. సోఫాలున్న కేబిన్లు రెండే, మూడూ ఎనిమిదీ. అందరినీ మూడులో ఎక్కిస్తాం."

ఊపిరి పీల్చుకోవాల్సిన మాటే. అయినా ఆమె కాళ్ళు బ్రేకులు బిగించే షాపు వైపు నడిచాయి. ఆ వరస విడిపోయి ఉందని సంగతి తెలియనివాడికైనా కనబడుతోంది. అంత బాహాటంగా ఉన్నదాన్ని దాచడానికి ఇంజినీర్ని చంపుతారా?

మేస్త్రి గ్రీజు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఎనిమిదిని ఏడూ ఒకటీగా ఎందుకు చేశారు మేస్త్రీ?"

"నన్నడుగుతావేంటమ్మా? చొక్కా నలగనివాళ్ళు పైన కూర్చుని చేసే పనులు. స్ప్రింగులు ట్రేకి నాలుగు. నాలుగూ నాలుగూ అంటే రెండు ట్రేలతో పోయేది. వీళ్ళ పుణ్యమా అని మూడో ట్రే కూడా విప్పాల్సి వచ్చింది."

"మిగిలిన స్ప్రింగులేవి?"

"ర్యాకులో. కేబిన్లు నడిచి చూపించేదాకా ట్రేలు స్టోరుకి వెనక్కివ్వం."

ఆమె పరుగెత్తింది. రెండో స్టేషన్ ట్రేలో మూడు మిగిలాయి. ఒకటి వాడారు, లెక్క సరిపోయింది. ఎనిమిదో కేబిన్‌లో మంచి స్ప్రింగే ఉంది. మొదటి స్టేషన్ రెండో ట్రేలో ఒకటి మిగిలింది. అదీ సరే. మొదటి ట్రే ఖాళీగా ఉండాలి.

దాని మూడో ఖానాలో ఒక స్ప్రింగు మెరుస్తోంది.

"ట్రేలోంచి ఎలా తీస్తారు?"

"వరసగానే. మొదటి ఖానా మొదటి కేబిన్‌కి." మేస్త్రి మొహం పాలిపోయింది. "మూడోది నేను బిగించలేదమ్మా. ఆ పూట ముత్యాల మేడం నన్ను మీటింగుకి పిలిచింది. తిరిగొచ్చేసరికి బిగించేసి ఉంది."

ఎనిమిదిని ఎరగా విడగొట్టారు. దాన్ని చూసి అందరినీ మూడులోకి తనే ఎక్కించింది, తన మొగుడితో సహా.

పన్నెండూ పది. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"జామర్ పైన నా గది లాకర్లో ఉంది," గుమ్మంలోంచి కన్సల్టెంట్ అంది. చేతిలో చిన్న పిస్తోలు. "ఇంకో అయిదు నిమిషాలు కూర్చో. పని అయిపోతుంది."

సూది ల్యాప్‌టాప్ సంచికి తగిలించిన కొలత టేపు మీట నొక్కింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళిచ్చిన టేపు అది. ఉక్కు నాలుక రివ్వున దూసుకెళ్ళి మణికట్టుకి తగిలింది. పిస్తోలు జారి పడింది. మేస్త్రి దాన్ని కాలితో బల్ల కిందికి తన్ని, మేడంని స్టోరు గదిలోకి నెట్టి గడియ పెట్టాడు.

జామర్‌కి లొంగనిది ఒక్కటే, మూతలోని రేడియో. దాని మీట మూత కింద ఉంది. సూది మూత తిప్పింది. కదల్లేదు. రెండు చేతులా తిప్పింది. పళ్ళు బిగించి తిప్పింది. కాఫీ చల్లారకూడదని అతను రోజూ ఒంట్లో బలమంతా పెట్టి బిగిస్తాడు. అది చూసి ఆమె రోజూ మురిసిపోతుంది.

"మేస్త్రీ, ఆయన చచ్చిపోతారు."

మేస్త్రి ఫ్లాస్కుని బల్లకున్న వైసులో బిగించి, పైపు రెంచితో మూత పట్టాడు. ఒకసారి జారింది. రెండోసారి కిర్రుమంది.

పన్నెండూ పద్నాలుగు.

"ఎనిమిది కాదు, మూడు! అందరినీ దింపండి!"

రేడియోలో గరగర. తర్వాత ఏమీ లేదు. మేస్త్రి గోడ గడియారం వంకే చూస్తున్నాడు. పన్నెండూ పదహారు.

"దింపాం," చీఫ్ గొంతు వచ్చింది. "తలుపు మూశాక దింపాం. మూడోది ఖాళీగా జారిపోయి స్తంభాన్ని గుద్దింది. అందరూ ఎనిమిదిలో వెళ్తున్నారు."

సూది సొట్టలు పడ్డ ఫ్లాస్కులోంచి మేస్త్రికి సగం కాఫీ పోసింది. ఇంకా పొగలు కక్కుతోంది.

రెండు గంటలకి మొగుడు ఫోన్ చేశాడు. సంతకాలయ్యాయట. కేబిన్ ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదట. తన టై బాగుందని రెండు దేశాల ప్రతినిధులూ అన్నారట.

"కాఫీ వేడిగా ఉందా?"

"ఉందండీ."

"ఉంటుంది మరి. మూత బిగించింది ఎవరు?"

"రేపట్నుంచి," అంది సూది, రెంచి గాట్లు తడుముతూ, "కాస్త చల్లారినా నేను తాగుతాను."