ఉత్తరపు మూల జెండా

జోలీన్ ప్రోబ్స్ట్ కుర్చీ అంచున కూర్చుంది. ఆమె గోళ్లలో ఇంజిన్ నూనె నల్లగా ఇంకిపోయి ఉంది. డువేన్ ఇచ్చిన కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుంది గాని, గుక్కెడైనా తాగలేదు.

"నేను మనిషిని చంపానో లేదో మీరే తేల్చి చెప్పాలి మేడమ్," అంది.

తొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసులో సహాయకుడిగా ఉన్న డువేన్ అలాంటి మాట వినడం అదే మొదటిసారి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లందరూ తాము చంపలేదనే చెబుతారు. అతను ఆస్ట్రిడ్ హెగ్లండ్ వంక చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. కొత్తవాళ్లు నిద్రపోయిందనుకుంటారు. ఇరవై ఏళ్లు బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు పరిశీలించి, అందులో సగం ప్రమాదాలే కావని తెలుసుకుని, ఆ తరవాత డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఆవిడ కళ్లు మూసుకుందంటే ఒక్క ముక్క కూడా వదలదని డువేన్‌కి గట్టి నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అంది ఆస్ట్రిడ్.

జోలీన్‌ది చిన్న ఇంజిన్లు బాగుచేసే కొట్టు. లూథరన్ చర్చి సమాధుల తోటలో ఇరవై ఆరేళ్లుగా గడ్డి కోస్తున్న హార్లన్ శనివారంనాడు ఏటవాలు కింద, తను ఎక్కి నడిపే గడ్డికోత బండి బోల్తాపడి, దాని కిందే చచ్చి పడున్నాడు. షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ కర్ట్ సీటు పైకెత్తి చూశాడు. అక్కడ ఇనప తీగ ముక్క కనిపించింది.

"సీటు కింద ఓ స్విచ్ ఉంటుంది మేడమ్. మనిషి సీట్లోంచి లేచాడంటే ఇంజిన్ దానంతటదే ఆగిపోవాలి. ప్రాణం కాపాడేది అదే. దాని తీగలు ఊడదీసి, మధ్యలో ఆ ముక్క దూర్చి కలిపేశారు. ఇక మనిషి పడిపోయినా బండి ఆగదు. ఆ బండి గురువారం దాకా నా కొట్లోనే ఉంది."

"నువ్వు పెట్టావా?"

"పరీక్ష చేసేటప్పుడు నేనూ తీగతో కలుపుతాను. తరవాత తీసేస్తాను. తీసేశాననే అనుకుంటున్నాను." జోలీన్ కప్పు కింద పెట్టేసింది. "గురువారం నా కొట్లో పదహారు బళ్లున్నాయి. సమాధుల మీద పూలు పెట్టే మెమోరియల్ డే ముందు ఊరందరికీ గడ్డి ఒక్కసారే గుర్తొస్తుంది కదా. తీసినట్టు గుర్తుంది గాని, అది ఆయన బండిలోంచో ఇంకోదాంట్లోంచో ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. వచ్చే శుక్రవారం నన్ను అరెస్టు చేస్తానన్నాడు కర్ట్. కొట్టు పోతే పోనీండి. నాకు బండి నడపడం నేర్పింది హార్లనే. ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పమని ఎంత ఏడ్చినా, పన్నెండేళ్లు నిండేదాకా దగ్గరికి కూడా రానివ్వలేదు. అంత జాగ్రత్త మనిషిని నా మతిమరుపే చంపిందా?"

ఆస్ట్రిడ్ కళ్లు తెరిచింది. "బండి నీ దగ్గరికి ఎందుకొచ్చింది?"

"బ్లేడు వంగింది. ఉత్తరపు మూల నేల దిగి, చక్రం కూరుకుపోయిందట. 'అక్కడ మనం ఎవర్నీ పూడ్చలేదే, నేలెందుకు దిగిందో' అన్నాడు. జెండా గుచ్చి వచ్చాడట. సమాధుల కమిటీ పెద్దకి చెప్పి తవ్వించి, మట్టి నింపిస్తానన్నాడు."

"జెండా ఏంటి?"

"తీగ పుల్లకి నారింజరంగు ప్లాస్టిక్ ముక్క. గడ్డి కొయ్యబోయే ముందు నేలంతా నడిచి చూసుకునేవాడు. రాళ్లూ కొమ్మలూ ఏరేసి, గుంట ఉన్నచోటల్లా ఒక జెండా పాతేవాడు."

ముందుగా జోలీన్ కొట్టు చూశారు. తలుపుకి అడ్డంగా ఓ పెద్ద బండి ఉంది. జోలీన్ వంగి, దాని వెనక చక్రాల మధ్య ఉన్న కడ్డీని బెత్తెడు బయటికి లాగింది. తరవాత ఒంటిచేత్తో బండిని పక్కకి నెట్టేసింది.

"ఇది లాగకపోతే ఎద్దొచ్చి నెట్టినా కదలదు," అంది. "లాగితే తేలిగ్గా దొర్లుతుంది. కాని అప్పుడు ఇంజిన్ తిరిగినా చక్రాలు తిరగవు."

ఆమె పరీక్ష తీగ మేకుకి వేలాడుతోంది. రెండు కొసలా పట్టుకునే కొక్కేలున్న ఎర్ర తీగ అది. "సీటు స్విచ్ కలిపేసుకోవడం ఈ ఊళ్లో కొత్తేం కాదు మేడమ్. గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఇంజిన్ ఆగుతుందని విసుగు వీళ్లకి. చర్చి పెద్దలూ అంతే. వెండెల్ రాస్క్ గారి బండిలోంచి రెండుసార్లు తీసేశాను. నన్ను తిట్టి మళ్లీ పెట్టుకున్నారు."

సమాధుల తోటలో డిప్యూటీ కర్ట్ షెడ్డు తాళం తీశాడు. పక్కనే సమాధుల కమిటీ పెద్ద వెండెల్ రాస్క్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. శవాన్ని మొదట చూసింది ఆయనే.

"ఫైర్ స్టేషన్లో చందాల కోసం పాన్‌కేకుల విందు పెట్టాం," అన్నాడు వెండెల్. "ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా పెనం దగ్గరే ఉన్నాను. రెండొందల మంది చూశారు. హార్లన్ రాలేదే, ఆకలితో ఉంటాడని నాలుగు పాన్‌కేకులు పట్టుకొచ్చాను. వచ్చేసరికి..." మాట ఆపి తల దించుకున్నాడు. "ఆ పిల్ల మీద నాకేం కోపం లేదండీ. కాని ఇంత అజాగ్రత్త పనికిరాదు."

"బండిని ఇక్కడికి తెచ్చిందెవరు?" అంది ఆస్ట్రిడ్.

"నలుగురం పట్టి లేపాం. ఆ తరవాత నేనొక్కణ్ణే తోసుకొచ్చాను," అన్నాడు కర్ట్ ఛాతీ కాస్త ముందుకి పెట్టి. "పసిపిల్లల బండిలా వచ్చేసింది. తాళం వేశాక ఇంకెవరూ ముట్టుకోలేదు."

ఆస్ట్రిడ్ మోకాళ్ల మీద కూర్చుని బండి చుట్టూ పాకింది. వెనక కడ్డీ బెత్తెడు బయటికి ఉంది. సీటు కింది తీగ ముక్కని కవర్లో వేసి డువేన్‌కి ఇచ్చింది. బోసి ఇనప తీగ, చూపుడువేలంత పొడవు. ఒక కొసని గోరంత ప్లాస్టిక్ పెచ్చు అంటుకుని ఉంది. నారింజరంగు పెచ్చు.

తరవాత ఏటవాలు చూశారు. మూడెకరాల తోటలో ఐదు వరసలే కోసి ఉన్నాయి. మిగతా గడ్డి చీలమండలు దాటి పెరిగింది. ఏటవాలు పైన స్ప్రూస్ చెట్టు పక్కన, గడ్డి పళ్లెమంత మేర మాడి గోధుమరంగుకి తిరిగింది. ఆస్ట్రిడ్ దాని మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. డువేన్ జెండాలు లెక్కపెట్టాడు. తోటలో తొమ్మిది ఉన్నాయి. ఉత్తరపు మూలలో ఒక్కటీ లేదు. కాని అక్కడ మనిషి పొడవున నేల దిగి ఉంది.

తోట అవతల, చెట్ల వరస వెనక ఇల్లు ఇర్మా జాస్ట్రోది. ఎనభై నాలుగేళ్ల మనిషి. గడ్డికోత బండి చప్పుడు గురించి వారం వారం షెరీఫ్‌కి ఫోన్ చేసి తిడుతుందని ఊరంతా నవ్వుకుంటారు. అందుకే కర్ట్ ఆమె గుమ్మం తొక్కలేదు.

"ఇప్పటికి గుర్తొచ్చానా?" అంది ఇర్మా. "శనివారమొస్తే నా చెవులు చిల్లులు పడాల్సిందే. దూరంగా పోతుంది, మళ్లీ నెత్తి మీదికొస్తుంది, సమాధి రాళ్ల దగ్గర తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. ప్రాణం తోడేస్తుంది. చచ్చినవాణ్ణి అనకూడదు గాని, మొన్న కాస్త నయం."

"ఎలా నయం?"

"ఎనిమిదింటికి మామూలే. తరవాత్తరవాత ఫ్రిజ్‌లాగ ఒకే తీరున మోగింది. పదకొండు దాటాక ఆగింది. అంతలోనే వెండెల్ కేకలు." ఇర్మా బఠాణీలు ఒలుస్తూనే ఉంది. "పాపం, వాడి జాతకమే అంత. ఐదేళ్ల కింద పెళ్లాం ఆర్లిస్ చెప్పాపెట్టకుండా అరిజోనా పోయింది. ఒక్క ఉత్తరం ముక్క లేదు. నా కేకు పళ్లెం కూడా తిరిగివ్వలేదు. అలాంటి మనిషి కాదే అది!"

"గురువారం సాయంత్రం అందర్నీ తోటకి రమ్మను డువేన్," అంది ఆస్ట్రిడ్ కారెక్కుతూ. "కర్ట్‌ని ఇద్దరు మనుషుల్నీ రెండు పారల్నీ తెమ్మను. పారల సంగతి ఎవరికీ చెప్పొద్దను."

గురువారం ఆకాశం సీసంలా ఉంది. బండిని ఏటవాలు పైన, మాడిన గడ్డి పక్కన నిలబెట్టారు. జోలీన్ దూరంగా, చేతులు చంకల్లో దూర్చుకుని నిలబడింది. ఇర్మాకి డువేన్ కుర్చీ వేశాడు. వెండెల్ వాచీ చూసుకున్నాడు.

"కర్ట్, ఈ బండిని నాలుగడుగులు తొయ్యి," అంది ఆస్ట్రిడ్.

కర్ట్ తోశాడు. కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి, మొహం కందగడ్డలా చేసుకుని తోశాడు. బండి అంగుళం కూడా జరగలేదు.

"మొన్న పసిపిల్లల బండిలా వచ్చిందన్నావు?"

"వచ్చిందండీ! ఒట్టు!"

ఆస్ట్రిడ్ వంగి వెనక కడ్డీని లాగింది. "ఇప్పుడు తొయ్యి." బండి కర్ట్ చేతుల కింద ఇట్టే దొర్లింది.

"మొన్న షెడ్డులో చూసినప్పుడు ఈ కడ్డీ బయటికే ఉంది. ఇవాళ లోపలికి నెట్టింది నేనే. ఇది లాగి ఉంటే బండి నడవదు. నడవని బండి మీద కూర్చుని హార్లన్ గడ్డి ఎలా కోశాడు? ఏటవాలు మీద ఎలా బోల్తాపడ్డాడు? ఎవరో బండిని చేత్తో తోసి ఆయన మీద పడేశారు."

ఆస్ట్రిడ్ ఇర్మా వైపు తిరిగింది.

"ఇర్మా గారూ, పోయేదీ వచ్చేదీ లేకుండా చప్పుడు ఒకే తీరున ఎప్పుడు మోగుతుంది?"

"కదలకుండా ఒకేచోట నిలబడితే," అంది ఇర్మా. ఆమె మొహంలో రంగు మారింది. "అయ్యో దేవుడా. నేను విన్నది ఉత్త బండినా?"

"ఉత్త బండినే. రెండున్నర గంటలు ఇక్కడే మోగింది. పొగగొట్టం వేడికి మాడిన గడ్డి ఇదే. అందుకే ఐదు వరసలు దాటలేదు. సీట్లో మనిషి లేకుండా ఇంజిన్ తిరగాలంటే స్విచ్ కలపాలి. అందుకోసం పెట్టిందే ఆ తీగ. చప్పుడు వినబడినంతసేపూ హార్లన్ బతికే ఉన్నాడని ఊరంతా అనుకుంది. ఆ సమయంలో హంతకుడు రెండొందల మంది ఎదుట పాన్‌కేకులు తిప్పుతున్నాడు."

చూపులన్నీ వెండెల్ మీదికి తిరిగాయి.

"ఏం మాటలండీ ఇవి?" అన్నాడు వెండెల్. "తీగ ఈ పిల్లది. తనే ఒప్పుకుంది."

"ఆమె తీగ ఎర్రది, కొక్కేలున్నది, ఇప్పటికీ మేకుకే ఉంది. ఇది జెండా పుల్లలోంచి తుంచిన ముక్క. పెచ్చు చూడండి. తోటలో తొమ్మిది జెండాలున్నాయి. హార్లన్ ఉత్తరపు మూల గుచ్చానన్న జెండా ఒక్కటే లేదు. దాన్ని పీకినవాడు ఒక దెబ్బకి రెండు పనులు చేసుకున్నాడు. స్విచ్ కలిపాడు, ఆ మూల ఎవరి కంటా పడకుండా చూసుకున్నాడు. స్విచ్ కలపడం మీకు కొత్త కాదు. శనివారం ఎనిమిది దాటాక వచ్చి, రాయి ఏరడానికి బండి దిగి వంగిన మనిషిని వెనక నుంచి తల మీద కొట్టారు. పదకొండు దాటాక పాన్‌కేకులతో వచ్చి బండిని తోశారు. కడ్డీ లోపలికి నెట్టడం మరిచిపోయారు."

"నాకేం పగ వాడితో? ఇరవయ్యేళ్ల స్నేహం మాది!"

"అందుకే నేల దిగిందని ముందు మీకే చెప్పాడు. తవ్విద్దామన్నాడు." ఆస్ట్రిడ్ గొంతు మెత్తబడింది. అలా మెత్తబడితే డువేన్‌కి ఎప్పుడూ భయమే. "ఆర్లిస్ అరిజోనా వెళ్లలేదు కదూ?"

కర్ట్ సైగ చేశాడు. ఇద్దరు మనుషులు పారలతో ఉత్తరపు మూలకి నడిచారు. మొదటి పార నేలలో దిగిన చప్పుడుకి వెండెల్ గడ్డిలో కూలబడ్డాడు.

"ఆ మూల వదిలెయ్యరా అని ఎన్నిసార్లు చెప్పాను," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "నాలుగు మూరల గడ్డి పెరిగితే ఎవడికి నష్టం? వదిలెయ్యడు. అదీ ఓ సమాధేమో, ఎవరో ఏమో, పాపం శుభ్రంగా ఉండాలి అంటాడు."

చీకటి పడకముందే ఆర్లిస్ దొరికింది. ఇర్మా కుర్చీలోంచి లేవనని మొండికేసింది. ఎముకలు బయటికి తీస్తున్నంతసేపూ అక్కడే కూర్చుని ఏడ్చింది. కేకు పళ్లెం కోసం ఐదేళ్లు ఆర్లిస్‌ని తిట్టుకున్నందుకు తనని తాను తిట్టుకుంది.

శనివారం పొద్దున్న డువేన్ సమాధుల తోటకి వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు. మెమోరియల్ డేకి రెండు రోజులే ఉన్నాయి, గడ్డి అలాగే ఉంది. జోలీన్ బండి తెచ్చింది. ముందు నేలంతా నడిచి, రాళ్లు ఏరింది. ఉత్తరపు మూలకి వచ్చి జేబులోంచి కొత్త జెండా తీసి గుచ్చింది. అప్పుడు బండెక్కి, ఏటవాలు మీద హార్లన్ లాగే కిందికీ పైకీ కోసింది. బోల్తాపడుతుందని అడ్డంగా ఒక్కసారి కూడా పోలేదు. చప్పుడు దూరంగా వెళ్లింది, దగ్గరికి వచ్చింది, రాళ్ల దగ్గర తగ్గింది. చెట్ల అవతల ఇర్మా కిటికీ తెరిచే ఉంది.

పని అయ్యాక జోలీన్ బండిని చదునైన చోట ఆపింది. బ్లేడ్లు ఆపి, బ్రేకు వెయ్యకుండానే ఓ క్షణం అలా కూర్చుని, కావాలని సీట్లోంచి లేచింది. ఇంజిన్ ఆగిపోయింది. మళ్లీ కూర్చుని తాళం తిప్పి, మళ్లీ లేచింది. మళ్లీ ఆగిపోయింది. అలా ఎన్నిసార్లు చేసిందో డువేన్ లెక్కపెట్టలేదు. ఆఖరిసారి ఇంజిన్ ఆగాక ఆమె సీటు మీద చెయ్యి వేసి, తల దాని మీద వాల్చి ఏడ్చింది.