నారుమడి నడుము

పైడితల్లి వరసలో మిగతావాళ్లతోపాటు గోడకు వీపు ఆనించి నిలబడింది. నడుం దగ్గర చల్లగా తగిలింది. జలగయంత్రం వెన్నెముక పక్కన చోటు వెతుక్కుని నారుకణాలను తోడుకోసాగింది.

"కదలకు," అంది గోడలోని గొంతు.

"కదిలితే గదా!" పక్కనున్న నూకరత్నం నవ్వింది. పొద్దున జారిన ఆమె దువ్వెన ఇంకా నేలమీదే ఉంది. "ఒలే పైడీ, నాను ఇంటికెళ్లాక ముందు ఏటి సేత్తానో తెల్సా? ఒంగుని వాకిలి తుడుస్తాను."

"మీయమ్మ ఎన్నిసార్లు సెప్పినా తుడవనేదు గదే!"

"అందుకే మరి."

వాళ్లను మడులంటారు. వాళ్ల వెన్నుపాము చుట్టూ ఉండే పొరల్లో నారుకణాలు ఒత్తుగా పెరుగుతాయి. ఇంకా ఏమీ కాని కణాలవి. గాయం దగ్గర నాటితే అక్కడి పొరగానో, నరానికి తొడుగుగానో, రక్తనాళపు గోడగానో మారతాయి. వెన్ను విరిగినవాళ్లు వాటితోనే లేచి నడుస్తున్నారు. కానీ మడి ఒంగకూడదు. ఒంగితే నారుకణాలు మేలుకుని ఆ ఒంటికే పని చేస్తాయి. మళ్లీ నిద్రపుచ్చడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ మడి ఇక్కడే ఉండాలి. అందుకే ప్రతి నడుముకూ నిలుపుపట్టీ; ఒంగితే అది కీచుమని అరుస్తుంది. కింద పడిన వస్తువు ఏరే యంత్రం వచ్చేదాకా కిందే.

నూకరత్నం గడువు వచ్చే నెల తీరుతుంది. పైడితల్లిది ఈ వారమే. ఇన్నాళ్లూ తన పాదాలను ఆమె చేత్తో ముట్టుకోలేదు.

జలగయంత్రం పట్టు వదిలింది. సూదిపోటు ఆరేదాకా గోడను వదలకూడదు. అప్పుడే రోగుల వైపు తలుపు తెరుచుకుని, కర్ర పట్టుకున్న ఒక ముసలాయన లోపలికొచ్చాడు.

"పైడితల్లంటే ఎవలమ్మా?"

"నానే తాతా."

"నన్ను తవిటయ్యంటారు. పడవ మీదపడి నడుం ఇరిగింది. ఈ ఎన్నులో నీ నారే ఉందంట. నర్సమ్మని బతిమాలి నీ పేరడిగాను."

ఆయన కర్రను గోడకు ఆనించి, చేతులు జోడించి, ఆమె పాదాల వైపు ఒంగసాగాడు.

"వద్దు తాతా! పెద్దోడివి, నా కాళ్లు ముట్టుకోకూడదు!"

"ముట్టనీయమ్మా."

"ఒంగకు, పైడితల్లీ," అంది గోడ. "ఇంకో ఏడాది ఉండాల్సొస్తుంది."

కాళ్లు వెనక్కి లాక్కుందామంటే వెనక గోడే. ఆయన నడుము మెల్లగా, వణుకుతూ ఒంగుతోంది. తనకు లేని ఆ ఒంపు తన కణాలదే. ఆయన వేళ్లు జానెడు దూరానికి వచ్చేశాయి.

పైడితల్లి ఒంగింది.

పట్టీ కీచుమంది. ఆమె ఆయన భుజాలు పట్టుకుని లేపింది. "లెగు తాతా."

"నా మూలాన ఏటయిపోయిందమ్మా!" అన్నాడాయన.

"నిటారుగా నిలబడు," అంది గోడ.

పైడితల్లి మళ్లీ ఒంగింది. దువ్వెన తీసి నూకరత్నానికి ఇచ్చింది. నూకరత్నం దాన్ని చేతిలో తిప్పి చూసింది.

"నువ్వొక్కర్తివీ ఏడాది ఇక్కడేటి సేత్తావే?" అంటూ దువ్వెనను నేలమీద వదిలేసి, తీసుకోవడానికి ఒంగింది.

రెండో పట్టీ అరిచింది. వరసలో చివరెక్కడో, మూడోది.