హార్మోనీ పెట్టెలో ఉంగరం

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక సందులో వీరరాఘవయ్య ఇల్లు ఉంది. ఆ యేడు చీకటి పడిందంటే ఆ సందులో అడుగు పెట్టే మగవాడు లేడు. బస్టాండుకు పోయేవాళ్ళు కూడా నాలుగు వీధులు చుట్టు తిరిగి పోయేవాళ్ళు. అడిగితే, నడక ఒంటికి మంచిదని చెప్పేవాళ్ళు.

నేను చూడలేదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను. బయట జరిగింది ఊరంతా చెప్పింది. లోపల జరిగింది మాత్రం జవుళి దుకాణం నాగభూషణం చెప్పాడు... అదీ చాలా ఏళ్ళకు, సగం సగం మింగుతూ.

వీరరాఘవయ్య పలకల వ్యాపారి. ధనిష్ఠా పంచకంలో పోయాడు. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలి కదా. ఆరు నెలలు అన్నాడు పురోహితుడు. లోపలి సామాను లోపలే వదిలేసి, తాళం వేసి, ముందు గుమ్మానికీ వెనక గుమ్మానికీ తుమ్మకంప అడ్డం పెట్టారు. చెంచా కూడా బయటికి తేకూడదన్నారు. ఆ కంగారులో కరెంటు మెయిను ఆపాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ సామానులో ఒక కలరు టీవీ ఉంది. ఒక వీడియో డెక్కు ఉంది. అలమర నిండా కేసెట్లు ఉన్నాయి.

ఊళ్ళో వాళ్ళు పండక్కో పెళ్ళికో డెక్కు అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ తెలుగు సినిమాలు చూసే రోజులవి. వీరరాఘవయ్య మాత్రం సొంతానికి కొన్నాడు. అదీ దేనికి? ఎప్పటివో ఇంగ్లీషు ముఠా సినిమాల కోసం. అన్నీ నలుపూ తెలుపే. రంగుల టీవీ కొని నలుపు తెలుపు చూసే మనిషి జిల్లా మొత్తం మీద ఈయనొక్కడే అని జనం నవ్వుకునేవాళ్ళు. ఆయన పలకలు మద్రాసు హార్బరుకు పోయేవి. అక్కడి ఏజెంటు, తిరిగొచ్చే లారీలో డ్రైవరు చెన్నయ్య చేతికి కేసెట్లు ఇచ్చి పంపేవాడు.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆయనకు అడ్డం కాలేదు. లోపలి గదిలో భార్య రామతులసమ్మ నిద్ర చెడుతుందని టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేవాడు. తగ్గించి, తెర మీద మనుషులందరి మాటలూ తనే చెప్పేవాడు. చుట్ట నోట్లో పెట్టుకున్న లావుపాటి ముఠా నాయకుడికి చుట్టపెద్దయ్య అని పేరు. వాడికి ఎదురు తిరిగే కుర్రవాడు నాగులు. ఏ సినిమా అయినా ఇవే పేర్లు.

“ఏందిరా నాగులూ, లారీలో సరుకు తక్కువొచ్చింది? నా దగ్గరనా నీ యేషాలు?” అనేవాడు గొంతు బొంగురు చేసి. తర్వాత నోటితోనే తుపాకులు పేల్చేవాడు. పక్కన స్నేహితుడు నాగభూషణం కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేవాడు.

మధ్యలో ఒక్కసారైనా లోపలికి కేక వేసేవాడు. “తులసీ! రా, ఇది చూసిపో!”

“మీ తుపాకులు మీరు కాల్చుకోండి. నాకు పొద్దున్నే పనుంది” అనేది ఆమె, దుప్పటి ముఖం మీదికి లాక్కుని. పాతికేళ్ళ కాపురంలో ఒక్క సినిమా కూడా ఆయన పక్కన కూర్చుని చూడలేదు.

ఆయన పోయి నెల తిరక్కుండానే మొదలైంది.

మొదట వెలుగు... మూసిన కిటికీ సందుల్లోంచి నీలంగా, వణుకుతూ. తర్వాత నోటి తుపాకులు. ఆ తర్వాత గొంతు — ముప్పై ఏళ్ళు బజారులో బేరాలాడిన గొంతు అది, పోల్చుకోలేనివాడు ఊళ్ళో లేడు. ఒక సోమవారం తెల్లవారుజామున పాలు పోసే మస్తానమ్మ ఆ గోడ పక్కగా పోతోంది. ఆమెకు మాటలే స్పష్టంగా వినిపించాయి.

“ఉంగరం హార్మోనీ పెట్టెలో ఏసినా... నువ్వూ నేనూ తప్ప మూడోవాడికి తెలియగూడదు.”

మస్తానమ్మ పాల క్యాను అక్కడే వదిలేసి పరుగెత్తింది. పొద్దెక్కేసరికి ఆ మాట ఊరంతా పాకింది. హార్మోనీ పెట్టె ఏంది? ఆ ఇంట్లో హార్మోనియం ఎప్పుడూ లేదు. ఉంగరం ఏంది? ఎవరికీ అంతుబట్టలేదు. వీరరాఘవయ్య తమ్ముడు సంజీవరావు మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగాడు, “వదినా, అన్న నీకేమన్నా ఉంగరం సంగతి చెప్పినాడా?” అని.

రామతులసమ్మ అప్పుడు ఆ మరిది ఇంట్లోనే ఉంది. వంటగది పక్కన చీకటి గది ఇచ్చారు. చుట్టూ మిరపకాయల బస్తాలు. తుమ్మితే తోడికోడలు లోపలి నుంచి నిట్టూర్చేది. ఆరు నెలలు ఎప్పుడు అవుతాయా, తన ఇల్లు తాను ఎప్పుడు కడుక్కుంటానా అని ఆమె కాచుకుని ఉంది. పిల్లలు లేరు. మిగిలింది ఆ ఇల్లొక్కటే.

గడువు ముగిసే వారంలో, శనివారం నాడు సంజీవరావు మెల్లగా కదిపాడు.

“ఆ ఇంట్లో మనుషులు కాపురం చెయ్యలేరు వదినా. కురిచేడు వాళ్ళు కొని, పడగొట్టి గోడౌను ఏసుకుంటారంట. రేపు పొద్దున వస్తారు. సంతకం పెట్టు, అందరికీ పీడ వదులుతాది.”

ఆమె సరేనంది. అని, ఆ రాత్రంతా బస్తాల మధ్య కళ్ళు తెరుచుకుని పడుకుంది. ఆ ఇంట్లో ఉన్నది దొంగో, తాగుబోతో అయితే సంతకం పెట్టక్కర్లేదు. ఇల్లు తనది. నిజంగా దెయ్యమే అయితే... అయితే రోజంతా గుండెలు చిక్కబట్టుకుని ఎన్నాళ్ళు బతకగలదు? తేల్చుకోవాలి. ఈ రాత్రే తేల్చుకోవాలి.

ఇంకో మాట కూడా ఆమె మనసులో ఉంది. ఆ గొంతు ఒక్కసారి తానూ వినాలని. అది ఎవరితో చెప్పుకోగలదు?

తాళంచెవి కొంగున కట్టుకుని లేచింది.

సందులో పలకల చిప్పలు పరిచి ఉంటాయి. ఎంత మెల్లగా అడుగు వేసినా కింద పటపటమంటాయి. ఆ చప్పుడు తనదేనని తెలిసినా, ఆగి ఆగి వెనక్కి చూసుకుంది. ఎవరూ లేరు. ఒక్క ఇంట్లోనూ దీపం లేదు.

ఒక్క తన ఇంట్లో తప్ప.

కిటికీ సందులో నీలం వెలుగు... వణుకుతోంది.

ముందు గుమ్మానికి కంప కట్టింది కట్టినట్టే ఉంది. పక్కగా పెరట్లోకి పోయింది. వెనక గుమ్మం కంప పక్కకు జరిపి ఉంది. తలుపు ఓరగా ఉంది. ఆమె చెయ్యి తలుపు మీద పడే లోపే లోపలి నుంచి వచ్చింది —

“ఏందిరా నాగులూ! సరుకు తక్కువొచ్చింది?”

ఆయనే.

రామతులసమ్మ తలుపు తోసింది. గోడ పట్టుకుని, చీకట్లో వంటగది దాటి, ముందు గది గుమ్మంలో నిలబడింది.

టీవీ వెలుగుతోంది. టోపీలు పెట్టుకున్న మనుషులు కారు దిగుతున్నారు. ఆయన పడకకుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద ఆయన తువ్వాలు. పక్కన స్టూలు మీద... ఒక నల్లటి ఆకారం.

ఆకారం తల తిప్పింది. గుమ్మంలో తెల్లచీరను చూసింది.

“అమ్మో! సచ్చినాన్రో!” అని స్టూలు మీది నుంచి వెల్లకిలా పడింది.

ఆమె దెయ్యాన్ని చూడడానికి వస్తే, దెయ్యమే ఆమెను చూసి జడుసుకుంది. వెతికి దీపం వేసేసరికి, కింద పంచె సర్దుకుంటూ జవుళి దుకాణం నాగభూషణం.

“నువ్వా అన్నా!”

“నేనే చెల్లెమ్మా... నేనే.” సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు. “శనివారం శనివారం బావతో కూచోని చూసే అలవాటు కదా. ఆయన పోయినాక ఇంట్లో ఉండబుద్ధి కాలా. ఈ కొంపలోకి ఎవరూ రారని తెలుసు. వెనక కంప జరిపి, తలుపు సందులో పుల్ల పెట్టి గడియ తీసి వస్తా ఉండా.”

“మరి ఆ గొంతు?”

నాగభూషణం టీవీ పక్కనున్న టేప్‌రికార్డరు చూపించాడు. వీరరాఘవయ్య బతికున్నప్పుడు, నవ్వుకోవడానికి ఒకసారి తనే ఆయన మాటలు మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేశాడట. ఆ ఒక్క సినిమాకే. ఆ సినిమా కేసెట్టు డెక్కులో వేసి, ఈ టేపు దానితో పాటు పెడితే, బావ పక్కన ఉన్నట్టే ఉంటుందట.

రామతులసమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దొంగ కాదు, దెయ్యం కాదు. తన ఇల్లు తనకు దక్కింది.

“రేపు మా మరిదితో ఈ మాట నువ్వే చెప్పాల. కురిచేడు వాళ్ళ ముందర చెప్పాల.”

“ఊరంతా నవ్వుతారు.”

“నవ్వనీ అన్నా.”

“సరే, చెప్తా. నీకంటే నాకు పరువెక్కువా?” అన్నాడు నాగభూషణం కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె కొంగుతో ముఖం అద్దుకుంది. మనసు తేలికపడింది. ఇన్నేళ్ళకు ఆయన మాటల మీద ఆశ పుట్టింది.

“ఆ ఉంగరం ముక్క ఏది? అది కూడా ఒకసారి వినిపించు.”

“ఏ ఉంగరం?”

“అదే, హార్మోనీ పెట్టెలో ఏసినా అంటాడంట కదా. మస్తానమ్మ విన్నది.”

“ఊళ్ళో అందరూ అనుకుంటుంటే నేనూ విన్నాలే. పుట్టించినారనుకున్నా. ఈ సినిమాలో ఉంగరం ల్యా. హార్మోనీ ల్యా. వంద సార్లు విన్నా కదా నేను.” ఆగి అడిగాడు. “ఆమె విన్నది ఎప్పుడు?”

“సోమవారం తెల్లారుజామున.”

నాగభూషణం ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

“నేను శనివారం తప్ప రాను చెల్లెమ్మా” అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

టీవీలో సినిమా అయిపోయి తెర మీద చుక్కలు కదులుతున్నాయి. అప్పుడు నాగభూషణం కళ్ళు అలమర వైపు పోయాయి. పోయి... అక్కడే నిలిచిపోయాయి. ఆమె కూడా అటు చూసింది. కేసెట్ల మీద ఒక చిన్న పార్సెలు. పురికొస కట్టింది కట్టినట్టే ఉంది, ముడి మీద లక్క చెక్కు చెదరలేదు.

“అదేంది?”

“బావ ఆఖరున తెప్పిచ్చుకున్న కేసెట్టు. పెద్దకర్మ అయినాక చెన్నయ్య తెచ్చి నా దుకాణంలో ఇచ్చినాడు, ఆయన పోయిన సంగతి తెలియక. నాకు విప్ప బుద్ధి కాలా, నేను చూడంది ఇదొక్కటే. తెచ్చి ఆడ పెట్టినా.”

“విప్పు.”

“వద్దు. పొద్దున చూసుకుందాం.”

“రేపు పదిమందిలో దెయ్యం లేదని చెప్పబోయేది నువ్వు. తెలుసుకోనే చెప్పు అన్నా.”

నాగభూషణం పురికొస పళ్ళతో కొరికి తెంచాడు. లక్క పొడిపొడిగా రాలింది. డెక్కులో ఉన్నది తీసి, ఇది తోశాడు. టేప్‌రికార్డరు వైరు గోడ నుంచి పీకి, టేప్‌రికార్డరును చేత్తో పట్టుకున్నాడు. టీవీ శబ్దం ఎప్పటిలాగే తగ్గించి ఉంది.

వాన. వానలో నల్లటి కారు. టోపీలు. చుట్ట కాలుస్తున్న లావుపాటి మనిషి. చాలాసేపు ఏమీ లేదు... ఆమె ఊపిరి పీల్చుకోబోయింది.

పెద్ద మేడ. నేల మీద ఎవరో పడి ఉన్నారు. నగలు పెట్టుకున్న ఒక పడుచు వెనక్కి వెనక్కి నడుస్తూ, గది మూలనున్న పెద్ద నల్లటి పెట్టెకు ఆనుకుంది. పెట్టెకు తెల్లటి మెట్లు.

“దాన్ని పియానో అంటారు” అన్నాడు నాగభూషణం.

“ఆయన ఏమంటాడు దాన్ని?”

నాగభూషణం ఒక అడుగు వెనక్కి వేశాడు.

“హార్మోనీ పెట్టె.”

తెర మీది పడుచు పెట్టె మూత ఎత్తింది. వేలి ఉంగరం లాగి, లోపల జారవిడిచింది. పక్కనున్న టోపీవాడి వైపు తిరిగి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు పెదాల మీద వేలు పెట్టింది.

నాగభూషణం చేతిలోంచి టేప్‌రికార్డరు జారి కింద పడింది.

“పద చెల్లెమ్మా... పద. పొద్దున్నే సంతకం పెట్టెయ్. ఇల్లు పోతే పోయింది.”

రామతులసమ్మ కదల్లేదు. కింద పడ్డ స్టూలు ఎత్తి, పడకకుర్చీ పక్కన సరిగ్గా వేసుకుని కూర్చుంది. తెల్లచీర మీద నీలం వెలుగు వణుకుతోంది.

“సంతకం పెట్టను అన్నా. మాట ఇచ్చినావు కదా, అట్లనే చెప్పు. నా ఇంట్లో పరాయి మనిషి ఎవరూ లేరని చెప్పు. అబద్ధం కాదు.”

నాగభూషణం గోడ తడుముకుంటూ వంటగది దాకా వచ్చాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ముఖం తెర వైపు లేదు. ఖాళీ కుర్చీ వైపు తిరిగి ఉంది.

“ఊఁ... తర్వాత ఏమయితాదండీ?” అని అడిగింది.

టీవీలో శబ్దం లేదు. టేప్‌రికార్డరు ముక్కలై నేల మీద ఉంది.

అయినా జవాబు వచ్చింది.