‘తర్వాత’ బటన్ లేని అప్‌డేట్

“ఈ సంతకం నీదేనా?”

చీఫ్ గొంతులో కోపం లేదు. అందుకే డేగకి భయమేసింది. కోపమొస్తే ఆయన బల్ల గుద్దుతాడు, తిడతాడు, అక్కడితో సరి. ఇవాళ బల్ల జోలికే పోలేదు.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ డేగ అని పిలిచే ఆ గూఢచారి స్క్రీన్ వంక చూశాడు. సంతకం అతనిదే.

“ఆసుపత్రుల కంప్యూటర్లన్నిటికీ ఇవాళ వెళ్లే ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ ఇది. తప్పనిసరి. వద్దనడానికి లేదు, ‘తర్వాత’ అనే బటనే లేదు. కంపెనీ కీ, మన కీ రెండిటి డిజిటల్ సంతకాలూ పడితేనే బయటికెళ్తుంది. అందులో విదేశీ ముఠా విషం కలిపింది. పన్నెండింటికి అది దిగిందంటే ఆపరేషన్ థియేటర్లతో సహా ప్రతి మెషీనూ మూగబోతుంది. తనిఖీ చేశాం, భేషుగ్గా ఉందని ఒప్పుకున్న కీ నీది.”

“నేను చెయ్యలేదు సార్.”

“మరి నీ కీ ఉన్న పెన్‌డ్రైవ్ ఎక్కడ?”

డేగ జేబు తడుముకోబోయి ఆగిపోయాడు. ఉంటే కదా! ఆ ఆఫీసులో ఓ దిక్కుమాలిన అలవాటుంది. అప్‌డేట్ మొదలైతే కంప్యూటర్ సగం పూట పనికిరాదు, పైగా మాటిమాటికీ కీ పెట్టమని సతాయిస్తుంది. అందుకని ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ల చేతిలో కీ పెట్టి, “నాది కూడా కానిచ్చెయ్” అని జారుకుంటారు. లోకాన్నంతా అనుమానించే ఘనులు ఈ ఒక్క విషయంలో పసిపిల్లలు. కిందటి వారం అక్కని ఆసుపత్రిలో చేర్పించే హడావిడిలో డేగ కూడా అదే పని చేశాడు. కీ రాణికిచ్చాడు.

రాణి మామూలు మనిషి కాదు. ఆ అప్‌డేట్ కంపెనీలో ఉద్యోగిగా చేరి, ముఠాకి అమ్ముడుపోయినట్టు నటిస్తూ, వాళ్ల గుట్టు డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు తీసి నవ్విందంటే ఎదుటివాడికి మాట తడబడాల్సిందే. ఆమెనే చేసుకుందామనుకున్నాడు డేగ. అక్కయితే అప్పుడే మరదలా అని పిలిచేస్తోంది.

“కీ రాణికిచ్చాను. ఆ కంపెనీకి పోలీసుల్ని పంపండి సార్.”

“అలికిడైతే ముందే మీట నొక్కేస్తారు. నువ్వే వెళ్లు.” చీఫ్ గొంతు కాస్త తగ్గించాడు. “ఆసుపత్రికి ఫోన్ చేశా. మీ అక్క ఆపరేషన్ మొదలైపోయిందట. మధ్యలో ఆపలేమన్నారు.”

డేగ అప్పటికే తలుపు దాటాడు.

నీలం చొక్కా, పెట్టుడు మీసం, భుజాన పనిముట్ల పెట్టె. ఏసీ మెకానిక్ అంటే కంపెనీ గేటు దగ్గర ఎవరూ అడ్డగించలేదు. జేబులో మైకున్న పెన్ను, దాని అవతల చీఫ్. సర్వర్ రూమ్ తలుపు తోశాడు.

“ఏసీ కారుతోందా?” అన్నాడు, డిపార్ట్‌మెంట్ కోడ్ ప్రకారం.

“కారట్లేదు, ఏడుస్తోంది,” అంది రాణి. కోడ్ తప్పలేదు. చేతిలో పిస్టల్ మాత్రం అతని గుండెకి గురిపెట్టి ఉంది. “ఆ మీసం నీకు బొత్తిగా నప్పలేదు.”

ఆమె వెనక స్క్రీన్ మీద కౌంట్‌డౌన్ నడుస్తోంది. ఇంకో నిమిషం కూడా లేదు.

“నా కీతో చేశావా?”

“దొంగిలించలేదుగా. నువ్వే ఇచ్చావు.”

“అక్క ఆపరేషన్ బల్ల మీదుంది రాణీ! నిన్న సాయంత్రం నువ్వే తనకి తల దువ్వావు!”

ఆమె చూపు ఒక్క క్షణం నేలమీదికి దిగింది. “వచ్చేవారం పెట్టించుకోండని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్లేదు. నేనేం చెయ్యను?”

ఆ మాటకి డేగ ప్రాణం చివుక్కుమంది. తుపాకీకి కాదు, ఆ ‘నేనేం చెయ్యను’కి. ఈ మనిషి పక్కన ముసలితనం దాకా బతకాలనుకున్నాడు మరి.

అప్పుడు కనిపించింది స్క్రీన్ మూలన చిన్న గడి. ‘ఈ కంప్యూటర్‌కి అప్‌డేట్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడే? తర్వాత?’ చూశారా చోద్యం! ఊరందరి నెత్తినా అప్‌డేట్లు రుద్దే కంపెనీ, తన మెషీన్‌కి మాత్రం నెలల తరబడి ‘తర్వాత’ నొక్కుకుంటూ వచ్చింది. ‘ఇప్పుడే’ అన్నది నీలంగా వెలుగుతోంది. ఎంటర్ కొడితే చాలు.

“చేతులెత్తు,” అంది రాణి.

బుద్ధిమంతుడిలా ఆమె పక్కనున్న కీబోర్డు దాకా రెండడుగులు వచ్చి ఎత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ మోచేత్తో ఎంటర్ మీద ఒక్కటి పొడిచాడు.

కౌంట్‌డౌన్ రెండు దగ్గర మాయమైంది. స్క్రీన్ నల్లబడి, తెల్లటి అక్షరాలొచ్చాయి. ‘అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆఫ్ చేయకండి.’

రాణి కీబోర్డు మీద పడి బాదింది. “ఆపు! ఆపెయ్!”

“ఆపడానికి లేదు. మీ రూలేగా.” పనిముట్ల పెట్టె ఎత్తి ఆమె చేతి మీద వేశాడు. పిస్టల్ ఎగిరి మూలన పడింది. పెన్నులో అంతా వింటూ కింద కాచుకున్న చీఫ్ మనుషులు మెట్లెక్కి వచ్చేశారు. ఆ మెషీన్ తీరిగ్గా లేచేలోపు కంపెనీవాళ్లు తీగలు పీకేసి విషం బయటికి లాగారు.

బేడీలతో వెళ్తూ రాణి తిరిగి చూసింది. డేగ చూడలేదు. ఏడుపొస్తోంది అతనికి.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. ఆపరేషన్ సజావుగా జరిగిందన్నారు డాక్టర్లు. మత్తులోనే తమ్ముడి చెయ్యి వెతుక్కుంది.

“ఏదిరా మరదలు?”

“పనుండి రాలేదక్కా.”

“ఆ పిల్లని పోనివ్వకురా. అంత నమ్మకమైన మనిషి నీకు మళ్లీ దొరకదు.”

డేగ దుప్పటి సర్దాడు. “ఎక్కడికీ పోదులే అక్కా. తన గది తలుపు దగ్గర నలుగురిని కాపలా పెట్టారు.”