ఎడపట్టీ ఆగిన రోజులు

నేల మీది తెల్ల గీతలను నిన్ననే చెరిపేశారు. అయినా రేపల్లె మునిసిపల్ హైస్కూలు వరండాలో జనం ఆ గీతలు ఇంకా ఉన్నట్టే, మనిషికీ మనిషికీ మధ్య బారెడు ఎడం వదిలి నిలబడ్డారు. "దగ్గరగా జరగండి, అందరూ నీడలోకి రావచ్చు" అని మైకులో చెబుతూనే ఉన్నారు. వరుస చివర ముప్పై మంది దాకా ఎండలోనే ఉన్నారు. ముందువాళ్ళు జరిగితే జరుగుదామని వెనకవాళ్ళు చూస్తున్నారు. ముందువాళ్ళు వెనక్కి చూడటం లేదు.

సువార్తమ్మ టీచరు ఆ వరుసలో పన్నెండో మనిషి. ఆమె కుడి మణికట్టుకు ఎడపట్టీ ఉంది. ఊపిరిజ్వరం మొదలైన రెండో ఏడు ఊరందరికీ వీటిని కట్టారు. ఇంకొకరు బారెడులోపు వస్తే పట్టీ బిగుస్తుంది. ఆ మనిషికి జ్వరం ఉంటే ఇంకా గట్టిగా బిగుస్తుంది. నొప్పి ఉండదు. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగినట్టు ఉంటుంది, అంతే. వెనక్కి తగ్గితే వదులవుతుంది. రోజూ కాసేపు ఎండ తగిలితే చాలు, పనిచేస్తుంది. ఆరేళ్ళు పనిచేసింది. జిల్లాలో జబ్బు పోయిందని గత నెల ప్రకటించారు. ఈ రోజు పట్టీ విప్పి, అందులో నమోదైనది చదివి, నియమం ఎంత పాటించారో చెప్పే పాలనపత్రం ఒకటి ఇస్తారు.

"మీకేంటి టీచరమ్మా, బంగారు అక్షరాలతో ఇస్తారు కాయితం" అంది ఆమె ముందు నిలబడిన ఆదెమ్మ. బజారులో చేపలమ్ముతుంది. "నాకైతే చీవాట్లే."

"నువ్వు పాటించలేదా?"

"ఇది పిసికినప్పుడల్లా వెనక్కి పోతే నా చేపలు ఎవరు కొంటారమ్మా? మొదట్లో గుండె దడదడలాడేది. తర్వాత మా అత్త సణుగుడులాగా అలవాటైపోయింది. వినపడుద్ది, పట్టించుకోను."

ముందు నిలబడ్డ వాళ్ళు నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. ఆమె వచ్చింది పత్రం కోసం కాదు, ఒక తారీకు కోసం. పద్నాలుగు నెలల కిందటి ఆగస్టు పందొమ్మిది.

ఆ మధ్యాహ్నం వెనక గదిలో, జ్వరంతో పడుకున్న మంచం మీద నుంచి ఆమె భర్త కృపావరం చెయ్యి చాచాడు. ఆమె గుమ్మం మీద ఒక కాలు పెట్టింది. పట్టీ బిగిసింది. ఆగిపోయింది. కాసేపటికి ఆయనే చెయ్యి దించుకుని, "పర్లేదు, అక్కడే ఉండు" అన్నాడు. చీకటి పడకముందే పోయాడు. పట్టీ పోనివ్వలేదని ఆమె పాస్టరు గారికి చెప్పింది, చెల్లెళ్ళకు చెప్పింది, తనకు తాను కూడా చెప్పుకుంది. ఆ గంటలో అది ఎంత గట్టిగా బిగిసిందో నమోదై ఉంటుంది. ఆ అంకె ఒకసారి చూస్తే చాలు.

బల్ల వెనక కూర్చున్న షహనాజ్ పదేళ్ళ కిందట ఆమె దగ్గరే తొమ్మిదో తరగతి చదివింది. లేచి నిలబడి, పట్టీ విప్పి, పట్టీచదువరి మిషనులో పెట్టింది. తెర మీద ఆరేళ్ళు వరుసగా కదిలాయి.

"ఒక్క తప్పు కూడా లేదు టీచర్. మా బడిలోలాగే." అంతలో ఆగింది. "జులై ముప్పై నుంచి ఆగస్టు ఇరవై ఒకటి దాకా ఏమీ లేదండీ."

"ఏమీ లేదంటే?"

"పట్టీ ఆగిపోయింది. ఎండ తగల్లేదు. జబ్బున్న ఇంటివాళ్ళను కిటికీలు కూడా మూసుకుని లోపలే ఉండమన్నాం కదండీ. చెప్పినట్టు విన్నవాళ్ళవన్నీ ఇలాగే ఆగాయి. ఊరంతా తిరిగినవాళ్ళవి మాత్రం బాగా పనిచేశాయి. ఇలా అవుతుందని ఎవరూ అనుకోలేదు."

"కానీ బిగిసిందమ్మా. పందొమ్మిదో తారీకు మధ్యాహ్నం."

"బిగిసే వీల్లేదు టీచర్. దాని మీద చిన్న దీపం ఉంటుంది కదా, ఆరిపోవడం చూడలేదా?"

"చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. బిగుస్తే ఆగేదాన్ని."

షహనాజ్ తెర వైపు చూసింది. సువార్తమ్మ తన మణికట్టు వైపు చూసుకుంది. అక్కడ చర్మం వేలెడు వెడల్పున తెల్లగా ఉంది. పట్టీ ఆపలేదు. మరి ఆపింది ఎవరు? తన భయమా? భయమేసినట్టు గుర్తు లేదు. ఆయన చెయ్యి గుర్తుంది, బిగింపు గుర్తుంది. రెండూ ఒకేలా గుర్తున్నాయి.

"ఆగిన రోజులను ఇది పట్టీ తీసేసిన రోజులుగా లెక్కేస్తుంది టీచర్. ఇంట్లో జ్వరం ఉంది కాబట్టి, ఇరవై మూడు రోజులు ఎడం పాటించలేదు అని వస్తుంది. శిక్షేమీ లేదులెండి."

"పాటించాను."

"అలా పెట్టడానికి గడి లేదండీ."

"పక్కన చేత్తో రాస్తాను."

"రాయండి టీచర్. కానీ ఇది చదవదు."

ఆమె రాయలేదు. వేలిముద్ర వేసింది. పత్రం వచ్చింది. 'జ్వరం సోకిన వ్యక్తితో ఇరవై మూడు రోజులు ఎడం లేకుండా గడిపారు' అని ఉంది. ఆ కాగితం ప్రకారం ఆమె ఆ మధ్యాహ్నం ఆయన మంచం మీదే కూర్చుని ఉంది. సిగ్గుపడాలో, దాచుకోవాలో తెలియక రెండుసార్లు చదివింది.

బయట వేపచెట్టు కింద ఆదెమ్మ ఎదురుచూస్తోంది. "నాకు నాలుగొందల పన్నెండు తప్పులమ్మా! మీకు?" అంటూ చొరవగా కాగితం అందుకుంది. చదువుకుంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మా, సార్ పోయినప్పుడు టీచరమ్మ గుమ్మం కూడా దాటలేదంట అని పేటలో అందరూ అన్నారు. నేనూ అన్నాను. నోరు పడిపోను నాది."

"దాటలేదు ఆదెమ్మా."

"ఇందులో రాసుంది కదమ్మా."

"అది తప్పు. గుమ్మంలోనే నిలబడ్డాను."

"ఊరుకోండమ్మా. మీరు మొహమాటానికి అంటున్నారు గానీ మిషను ఎందుకు అబద్ధం చెబుద్ది?" ఆదెమ్మ కళ్ళు తుడుచుకుని, సువార్తమ్మ చెయ్యి పట్టుకుంది.

ఖాళీ మణికట్టు బిగిసింది.

ఆరేళ్ళుగా తెలిసిన బిగింపే. సువార్తమ్మ కాలు దానంతట అదే వెనక్కి పడింది. అది చూసి ఆదెమ్మ చెయ్యి తీసెయ్యబోయింది.

"వద్దు, తియ్యకు" అంది సువార్తమ్మ. తెల్లటి ఆ చర్మం వైపే చూస్తూ, "ఎంతసేపటికి వదులవుతుందో చూడాలి" అంది.